ఘాట్ దిగే జీపుకు ఏ బ్రేకు ఆయిలు పోయాలి?

 

ఈసారి గోడపత్రికకు ఎవరికి నచ్చిన సైన్సు విషయం వారు రాయండి అని మేడం గారు చెప్పారు. కొందరు గ్రహణాల గురించి, కొందరు మొక్కల గురించి రాస్తున్నారు. నేను బ్రేకు ఆయిలు గురించి రాస్తాను అంటే మా గదిలో వాళ్లందరూ నవ్వేరు. ఆడపిల్లకి బ్రేకు ఆయిలుతో పనేటి అన్నారు. సెలవులకు మనమందరం ఇళ్లకు వెళ్లేది ఆ జీపుల్లోనే కదా. ముందు పూర్తిగా చదవండి. తర్వాత కూడా నవ్వు వస్తే నవ్వండి.

ఆ రోజు ఏం జరిగింది?

పోయిన సంక్రాంతికి ముందు బట్టలు కొనడానికి మా మామ జీపులో చోడవరం బయలుదేరాం. మామది పాత కమాండర్ జీపు. పాడేరు ఘాట్ మీద కిరాయికి తిప్పుతాడు. లోపల పదకొండు మందిమి ఉన్నాం. పైన పసుపు బస్తాలు కట్టారు. మామ ఎప్పుడూ మోదకొండమ్మ పాదాల దగ్గర బండి ఆపి, దండం పెట్టుకొని, బీడీ కాల్చుకొని గానీ కిందికి దిగడు. ఆ రోజు ఆలస్యం అయిపోయిందని హారను కొట్టి, ఒక చేత్తో దండం పెట్టి, ఆపకుండా వెళ్లిపోయాడు.

పాదాలు దాటి కొన్ని మలుపులు దిగాక మామ ముఖం మారిపోయింది. బ్రేకు తొక్కితే కాలు నేలకి తగిలిపోతోంది. "గట్టిగా పట్టుకోండి" అని అరిచాడు. రెండు మూడుసార్లు గబగబా తొక్కి, గేరు ఒకటికి లాగి, చెయ్యి బ్రేకు లాగి, జీపును కొండవైపు కాలువలోకి తిప్పేశాడు. జీపు రాళ్లకు రాసుకుంటూ వెళ్లి ఆగింది. రెండోవైపు అయితే లోయే. మా తమ్ముడికి నుదురు చిట్లింది. మా పెద్దమ్మకి చెయ్యి విరిగింది. మూడు నెలలు పొలం పనికి వెళ్లలేకపోయింది.

అరగంట పోయాక మామ మళ్లీ బ్రేకు తొక్కి చూశాడు. ఎప్పటిలాగే గట్టిగా ఉంది! పాదాల దగ్గర ఆపలేదని అమ్మవారికి కోపం వచ్చింది, మళ్లీ దయ చూపింది అని అందరూ అన్నారు. నేనూ దండం పెట్టుకున్నాను. కానీ నాకు ఒక సందేహం మిగిలిపోయింది. పైపు తెగలేదు. ఆయిలు కారలేదు. మరి బ్రేకు ఎక్కడికి పోయింది? ఎలా తిరిగి వచ్చింది?

ఒకటో గేరులో మెల్లగా దిగి చోడవరం చేరాం. అక్కడ మెకానిక్ అన్న చెప్పినవి కొన్ని, తర్వాత మన సైన్సు మేడం గారు చెప్పినవి కొన్ని కలిపి కింద రాస్తున్నాను.

బ్రేకు ఎలా పనిచేస్తుంది?

మనం బ్రేకు ఆయిలు అంటాం గానీ అది నిజానికి నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనాలతో చేసిన ద్రవం. బ్రేకు పెడలు నొక్కితే మాస్టరు సిలిండరులోని పిస్టను ఈ ద్రవాన్ని నెడుతుంది. ద్రవం సన్నని పైపుల్లో నాలుగు చక్రాల దగ్గరికి ఆ ఒత్తిడిని తీసుకుపోతుంది. అక్కడ చిన్న పిస్టన్లు లైనర్లను డ్రమ్ముకి అదిమి చక్రాన్ని ఆపుతాయి. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ఇచ్చిన ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పోతుందని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ (1623–1662) చెప్పాడు. అదే ఈ బ్రేకుకు ఆధారం.

ఈ ప్రయోగం చేసి చూడండి. సైన్సు గదిలో సూది లేని రెండు కొత్త సిరంజిలు, ఒక సన్నని గొట్టం అడిగి తీసుకోండి. గొట్టంతో రెండింటినీ కలిపి, గాలి లేకుండా నీళ్లు నింపండి. ఒకటి నొక్కితే రెండోది వెంటనే పైకి లేస్తుంది. ఇప్పుడు గొట్టంలో ఒక పెద్ద గాలి బుడగ ఉంచి, రెండో సిరంజిని వేలితో కొంచెం అదిమిపట్టి నొక్కండి. మీరు నొక్కింది బుడగ నలగడానికే సరిపోతుంది, రెండోది సరిగా కదలదు. నీరు నలగదు, గాలి నలుగుతుంది. మామ కాలికి ఆ రోజు తగిలింది అదే. పైపులో బుడగలు వచ్చాయి.

బుడగలు ఎక్కడి నుంచి వచ్చాయి?

శక్తి నశించదు, రూపం మారుతుంది అని మనం పాఠంలో చదివాం. కొండ మీద ఉన్న జీపుకు స్థితిశక్తి ఉంటుంది. లెక్క చేద్దాం. జనంతో, బస్తాలతో జీపు 2000 కిలోలు అనుకుందాం. 600 మీటర్ల ఎత్తు దిగింది అనుకుందాం. g విలువ 10 తీసుకుందాం.

స్థితిశక్తి = 2000 × 10 × 600 = 1,20,00,000 జౌళ్లు. అంటే 1 కోటి 20 లక్షలు.

1 కిలో నీటిని 1 డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4200 జౌళ్లు కావాలి. 25 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవడానికి 4200 × 75 = 3,15,000 జౌళ్లు. కోటి 20 లక్షలను దీనితో భాగిస్తే సుమారు 38 వస్తుంది. అంటే మన వంటశాలలో 38 లీటర్ల నీళ్లను మరిగే వరకు తేగల వేడి, ఆ జీపు కొండ దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. కొంత ఇంజనులోకి పోతుంది, కొంత గాలిలోకి పోతుంది. డ్రైవరు గేరు వాడకపోతే ఎక్కువ భాగం నాలుగు డ్రమ్ములకే పోతుంది. డ్రమ్ము నుంచి లైనరుకి, లైనరు నుంచి పిస్టనుకి, పిస్టను నుంచి ఆయిలుకి వేడి పాకుతుంది. ఆయిలు దాని మరుగుస్థానం దాటితే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. చల్లారితే ఆ ఆవిరి మళ్లీ ద్రవం అయిపోతుంది. అందుకే అరగంటకి బ్రేకు తిరిగి వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పెడలు గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనర్లు వేడెక్కి పట్టు తప్పాయని అర్థం. పెడలు మెత్తగా కిందికి పోతే ఆయిలు మరిగిందనో, కారిపోయిందనో, గాలి చేరిందనో అర్థం.

మరి కొత్త ఆయిలు 200 డిగ్రీలు దాటితే గానీ మరగదు కదా? ఇక్కడే అసలు సంగతి ఉంది.

ఆయిలులో నీళ్లు

మెకానిక్ అన్న చక్రం దగ్గర చిన్న నట్టు వదులుచేసి ఆయిలు సీసాలోకి తీశాడు. టీ డికాషన్ రంగులో వచ్చింది. "ఎప్పుడు మార్చేవు?" అని అడిగాడు.

"మార్చడమేటి? తగ్గితే పోస్తాను" అన్నాడు మామ.

వానాకాలంలో మన ఇంట్లో ఉప్పు డబ్బా మూత వదులుగా ఉంటే ఉప్పు చెమరుస్తుంది. బ్రేకు ఆయిలు కూడా అంతే. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత సందులోంచి, రబ్బరు గొట్టాల లోంచి కూడా మెల్లమెల్లగా తేమ చేరుతుంది. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి నీరు కలిసిన కొద్దీ ఆయిలు మరుగుస్థానం పడిపోతుంది. పైపు లోపల తుప్పు కూడా పడుతుంది. రంగు చూసి మాత్రమే నీరు ఉందో లేదో చెప్పలేం. తేటగా ఉన్న ఆయిలులోనూ నీరు ఉండవచ్చు. దాన్ని చూడడానికి పరీక్ష పెన్ను ఒకటి ఉంటుంది.

అందుకే ప్రతి ఆయిలుకీ రెండు అంకెలు ఉంటాయి. కొత్తగా సీలు తీసినప్పటిది పొడి మరుగుస్థానం. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఉండేది తడి మరుగుస్థానం. 3.7 శాతం అంటే లీటరుకి 37 మిల్లీలీటర్లు. దగ్గుమందు ఇచ్చే 10 మిల్లీలీటర్ల మూతతో కొలిస్తే నాలుగు మూతలు కూడా నిండవు. అంత కొంచెం నీరు ఎంత పని చేస్తుందో చూడండి. ఇవి తక్కువలో తక్కువ ఉండవలసిన అంకెలు.

డాట్ 3 : పొడి 205 డిగ్రీలు, తడి 140 డిగ్రీలు
డాట్ 4 : పొడి 230 డిగ్రీలు, తడి 155 డిగ్రీలు
డాట్ 5.1 : పొడి 260 డిగ్రీలు, తడి 180 డిగ్రీలు

డాట్ అంటే చుక్క కాదు. అమెరికా రవాణా శాఖ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు. పట్టిక చూస్తే ఒకటి తెలుస్తుంది. నీరు పట్టిన డాట్ 4 కన్నా, కొత్తగా సీలు తీసిన డాట్ 3 నయం. అంటే ఎంత పెద్ద అంకె కొన్నాం అన్నది ఒక్కటే చాలదు, ఎప్పుడు మార్చాం అన్నది కూడా చూడాలి.

దుకాణం దగ్గర

మామ బాగా భయపడిపోయాడు. ఆయిలు దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైనది ఇమ్మన్నాడు. దుకాణం ఆయన మూడు చూపించాడు. మొదటిది, ఎవరికో సగం పోయగా మిగిలిన డబ్బా. అది చవక. రెండోది, సీలు ఉన్న డాట్ 4. మూడోది రేసు కార్లకు వాడేది. దాని ధర మామకు రెండు రోజుల కిరాయి.

"రేసు కారే ఆగితే మన జీపు ఆగదేటి? అదే ఇయ్యి" అన్నాడు మామ.

నేను డబ్బాల మీద అక్షరాలు చదివాను. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. మామకు చదువు రాదు. తర్వాత జీపు దగ్గరికి వెళ్లి మాస్టరు సిలిండరు మూత మీద మట్టి గుడ్డతో తుడిచాను. దాని మీద కూడా ఇంగ్లీషులో రాసి ఉంది. చదివి అర్థం చెప్పాను: "మూత తీసే ముందు శుభ్రం చేయవలెను. సీలు ఉన్న డబ్బాలోని డాట్ 3 లేదా డాట్ 4 మాత్రమే వాడవలెను."

మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇన్నాళ్లూ అది కంపెనీ పేరనుకున్నాను" అన్నాడు. తర్వాత సీటు కింద నుంచి ఒక డబ్బా తీసి చూపించాడు. పోయిన ఏడాది కొన్నది. మూత పోతే గుడ్డ ముక్క కుక్కాడు. రెండు వానాకాలాలు అలాగే ఉంది. తగ్గినప్పుడల్లా దాన్నే పోసేవాడు. అంటే ఆయిలు పోస్తున్నాను అనుకుంటూ నీళ్లు కలిపాడు.

రేసు ఆయిలు ఎందుకు వద్దన్నాడు?

రేసు ఆయిలు చెడ్డది కాదు అని మెకానిక్ అన్న చెప్పాడు. దాని పని వేరు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేసు ట్రాకు ఉంది. అలాంటి చోట కారు చాలా వేగంగా వచ్చి ప్రతి మలుపు ముందు గట్టిగా బ్రేకు వేస్తుంది. మళ్లీ చల్లారే లోపే ఇంకో మలుపు వస్తుంది. బ్రేకు డిస్కులు ఎర్రగా కాలిపోతాయి. అందుకే ఆ ఆయిళ్లలో కొన్నింటి పొడి మరుగుస్థానం 300 డిగ్రీలు కూడా దాటి ఉంటుంది. కానీ వాళ్లు దాన్ని ఏళ్ల తరబడి ఉంచరు. పోటీకి ముందు కొత్తది పోసి, గాలి తీసి, మళ్లీ మళ్లీ మారుస్తారు. వారమంతా రోడ్డు మీద నడిపి, ఎప్పుడో ఒకరోజు ట్రాకు మీదికి తీసుకెళ్లే కారుకు కూడా, వెళ్లే ముందు ఆయిలు మార్చుకోవాలి.

ఘాట్ జీపు అలా కాదు. రోజూ దిగాలి, వానలో తిరగాలి, ఆయిలు ఏడాదో రెండేళ్లో అందులోనే ఉండాలి. కాబట్టి రేసువాళ్లు పొడి అంకె కూడా చూసుకుంటారు గానీ, మనం ముఖ్యంగా తడి అంకె చూడాలి. అంత ఖరీదు పెట్టి కొని, పోగొట్టుకోలేక నాలుగేళ్లు ఉంచడం కన్నా, మామూలు డాట్ 4 కొని ఏడాదికి ఒకసారి మార్చడమే మేలు.

ఇంకో మోసపు అంకె ఉంది. డాట్ 5 అని ఒకటి వస్తుంది. 4 కన్నా 5 పెద్దది కదా అని కొనేస్తారు. అది సిలికోన్‌తో చేసింది. నీటిని కలుపుకోదు. లోపలికి చేరిన నీరు విడిగా కింద నిలబడి, వేడెక్కితే 100 డిగ్రీల దగ్గరే ఆవిరి అవుతుంది. దాన్ని డాట్ 3తో, డాట్ 4తో, డాట్ 5.1తో కలపకూడదు. డాట్ 5 వేరు, డాట్ 5.1 వేరు. చుక్క పక్కన 1 ఉందో లేదో చూడకపోతే పెద్ద తప్పు జరుగుతుంది. డాట్ 5.1 గ్లైకాల్ జాతిదే.

చివరికి మామ సీలు ఉన్న డాట్ 4 కొన్నాడు. మెకానిక్ అన్న పాతదంతా తీసేసి, నాలుగు చక్రాల దగ్గరా కొత్త ఆయిలు వచ్చే వరకు గాలి తీశాడు. పెడలు తొక్కి పట్టుకోవడం, వదలడం నేనే చేశాను. ఆయన "తొక్కు" అంటే తొక్కాను, "వదులు" అంటే వదిలాను. మెత్తగా ఉన్న పెడలు కాలి కింద గట్టిపడడం నాకు తెలిసింది.

తప్పు ఒక్క ఆయిలుదేనా?

కాదు. మామ డీజిలు కలిసొస్తుందని కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసేవాడు. అప్పుడు ఇంజను బండిని పట్టదు. కోటి 20 లక్షల జౌళ్ల బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి అని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇందుకే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ పక్కన కరెంటుతో నడిచే రేసు కార్ల పోటీ జరిగింది. ఆ కార్లకు వెనక చక్రాల దగ్గర ఆయిలు బ్రేకులే లేవట. మోటారే బండిని నెమ్మది చేసి, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. మన జీపులో ఆ పని కొంతవరకు గేరు చేస్తుంది.

మరి పాదాల దగ్గర ఆగడం? ఆగిన ఆ పది నిమిషాల్లో డ్రమ్ములు చల్లారతాయి. అమ్మవారికి దండం పెట్టుకునే అలవాటు మామను ఇన్నేళ్లు కాపాడింది అని నేను అనుకుంటున్నాను. ఇప్పుడు మామ ఎంత ఆలస్యమైనా అక్కడ ఆపుతున్నాడు.

గుర్తుంచుకోవలసినవి

1. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయాలి.
2. సీలు ఉన్న చిన్న డబ్బా కొనాలి. మిగిలింది దాచి మళ్లీ వాడకూడదు.
3. తగ్గితే పోయడం వేరు, మొత్తం మార్చడం వేరు. చాలా కంపెనీలు రెండేళ్లకు ఒకసారి మార్చమంటాయి. ఘాట్ బండికి ఏడాదికి ఒకసారి, వానలు తగ్గాక మార్చడం మంచిది అని మెకానిక్ అన్న చెప్పాడు.
4. ఆయిలు ఊరికే తగ్గదు. లైనర్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో చూపించుకోవాలి.
5. ఇంజను ఆయిలు, వంటనూనె ఎప్పుడూ పోయకూడదు. లోపలి రబ్బరు వాచర్లు ఉబ్బి పాడవుతాయి.
6. బ్రేకు ఆయిలు విషం. చేతికి అంటితే కడుక్కోవాలి. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. పాతది గెడ్డలో పారబోయకూడదు, అక్కడ పశువులు నీళ్లు తాగుతాయి.
7. కొండ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు. చిన్న గేరులో దిగాలి. పెడలు మెత్తబడితే వెంటనే ఆపి చల్లారనివ్వాలి. తర్వాత గట్టిపడినా బాగైపోయిందని నమ్మకూడదు, మెకానిక్‌కి చూపించాలి.

స్నేహితులకు ఒక పని

ఈసారి సెలవులకు వెళ్లేటప్పుడు మీ ఊరి జీపు డ్రైవరు మీకు మామో, బాబాయో, అన్నో అవుతాడు. బండి ఆగి ఉన్నప్పుడు బానెట్ తీయమని అడగండి. మూత తుడిచి, దాని మీద ఏముందో చదివి చెప్పండి. ఆయిలు మార్చి ఎన్నాళ్లయిందో అడగండి. కోప్పడితే మా పెద్దమ్మ చెయ్యి గురించి చెప్పండి. తిరిగి వచ్చాక ఈ గోడపత్రిక కింద అంటించిన తెల్ల కాగితం మీద ఊరి పేరు, మూత మీది అంకె, మార్చిన నెల రాయండి. నేను ఇప్పటికే మూడు జీపులవి రాశాను. ఒక జీపు మూత మీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. ఆ బండికి ఏది పోయాలో మెకానిక్‌ని అడిగి రాస్తాను.

వార్డెన్ గారికి ఒక మనవి. సెలవుల రోజు మమ్మల్ని జీపులు ఎక్కించే ముందు ఆ కాగితం ఒకసారి చూడగలరు.

నా రాతలో తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్దండి. లెక్కలో తప్పుంటే తప్పకుండా దిద్దండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని